గోరువెచ్చని తోడు

మొన్న మా ఇంట్లో పెరుగుకు తోడు అయిపోయింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఎవరో గిన్నె అడుగంటా తుడిచేశారు. సందకాడ పాలు కాచి దించిన మా ఆవిడ, "పక్కింటికి పోయి ఇంత తోడు ఇప్పించుకోని రా పాపా" అని మనవరాలి చేతికి చిన్న గిన్నె ఇచ్చింది. రెండు నిమిషాల పని. పోయిన పిల్ల అరగంటకు వచ్చింది. పాలు చల్లారిపోయాయని అవ్వ గొణుగుతా ఉంటే, ఆ పిల్ల నేరుగా నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"తాతా, వాళ్లింటికి సత్యవేడు నుంచి చుట్టాలొచ్చి ఉండారు. ఆయమ్మ శ్రీసిటీలో చేస్తా ఉందంట. వాళ్ల కంపెనీలో స్టోర్సులో కంప్యూటర్ తెలిసినోళ్లు కావాల్నంట. నా నెంబరు రాసుకునింది."

మూడు నెలలుగా ఈ పిల్ల ఫోను చేత్తో పట్టుకుని వసారాలో కూర్చుని ఉద్యోగం వెతుకుతోంది. డిగ్రీ చేసింది, కంప్యూటర్లు తెలుసు. ఫోనులో లేని ఉద్యోగం తోడు గిన్నెలో దొరికిందని మా ఆవిడ ఆ రాత్రంతా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన బుర్ర కదా, ఇందులో ఏదో సూత్రం ఉందని దురద పుట్టింది. ఉంది కూడా. ఎప్పుడో 1973లోనే ఒకాయన దాన్ని కాగితం మీద పెట్టాడు.

దానికి ముందు ఆ పిల్ల ఫోను సంగతి చెప్పాలి. ఉద్యోగాల వాట్సాప్ గ్రూపులు ఆరు ఉన్నాయి. కాలేజీ స్నేహితులది ఒకటి, ఊరి పిల్లలది ఒకటి, మా బంధువులది ఒకటి, ఇట్లా. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ వారం వచ్చిన ఉద్యోగ ప్రకటనలు లెక్కపెట్టాం. వందకు పైనే ఉన్నాయి. ఒకటే ప్రకటన మళ్లీ మళ్లీ వచ్చినవి కొట్టేస్తూ పోతే పదకొండు మిగిలాయి. అందులో నాలుగు గడువు దాటినవి. కాలేజీ గ్రూపులో ఉన్న పిల్లలే ఊరి గ్రూపులోనూ ఉన్నారు, వాళ్ల అన్నలు బంధువుల గ్రూపులో ఉన్నారు. ఒకే చెరువు నీళ్లు ఆరు తూముల గుండా వస్తే ఆరు చెరువులని అనుకున్నట్టు ఉంది మా పిల్ల వ్యవహారం.

ఇట్లా ఎందుకవుతుందో చూద్దాం. చుక్కల ముగ్గు అందరికీ తెలుసు గదా. ఒక్కొక్క మనిషి ఒక చుక్క అనుకోండి. ఇద్దరికీ పరిచయం ఉంటే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. మన ఇల్లు, మన వీధి, మన స్నేహితులు చేరి గీతలు దట్టంగా అల్లుకున్న ఒక ముగ్గవుతాయి. మీకు ఇద్దరు ప్రాణ స్నేహితులుంటే, వాళ్లిద్దరికీ కూడా పరిచయం ఉండి తీరుతుంది. మీ ఇంట్లోనే కలుసుకుని ఉంటారు. కాబట్టి దగ్గరి వాళ్ల మధ్య గీతలన్నీ త్రికోణాలుగా మూసుకుంటాయి. అవతల సత్యవేడులో ఇంకో ముగ్గు. ఆ ముగ్గుకూ ఈ ముగ్గుకూ మధ్య ఎక్కడో ఒకే ఒక్క పలచటి గీత. ఆ గీత ఎప్పుడూ ప్రాణ స్నేహానిది కాదు, ముఖపరిచయానిది. ఎందుకంటే అది గాఢమైన స్నేహమే అయితే, దాని చుట్టూ త్రికోణాలు మూసుకుని రెండు ముగ్గులూ ఎప్పుడో కలిసిపోయి ఉండేవి. కొత్త కబురు రావాలంటే ఆ పలచటి గీత మీదుగానే రావాలి.

ఈ ముక్క చెప్పినాయన మార్క్ గ్రానొవెటర్. హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు బోస్టన్ పక్కన న్యూటన్ అనే పట్నంలో, కొత్తగా ఉద్యోగం మారిన వాళ్లను వెతికి పట్టుకుని అడిగాడు: మీకీ ఉద్యోగం సంగతి ఎట్లా తెలిసింది? 100 మందిని కూర్చోబెట్టి మాట్లాడాడు, ఇంకో 182 మందికి ఉత్తరాలు రాసి జవాబులు తెప్పించాడు. సగానికి పైగా జనం, నూటికి 56 మంది, తెలిసిన మనిషి ద్వారానే అన్నారు. "ఓహో, స్నేహితుడా?" అని ఆయన అడిగితే, "అబ్బే, స్నేహితుడు కాదు, ఊరికే తెలిసినాయన" అని వాళ్లే దిద్దారట. పరిశోధనకు ఆ దిద్దుబాటే ఆయువుపట్టు అయింది. ఆ తెలిసినాయనను ఎంత తరచుగా కలుస్తారని కొందరిని అడిగితే, తరచుగా కలుస్తామన్న వాళ్లు నూటికి 17 మంది కూడా లేరు. ఎప్పుడన్నా కలుస్తామన్న వాళ్లు దాదాపు 56, ఏడాదికోసారో అంతకన్నా తక్కువో కలిసేవాళ్లు దాదాపు 28. "బలహీనమైన బంధాల బలం" అని దానికి ఆయన పెట్టిన పేరు. 1973లో అచ్చయింది. అంతకు నాలుగేళ్ల ముందు వేరే పత్రిక దాన్ని తిప్పి పంపింది. అప్లికేషన్లు తిరిగొస్తున్నాయని మొహం వేలాడేసుకునే పిల్లలు ఆ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు.

నాకు ఆ వ్యాసం సంగతి ఆ రోజుల్లో తెలియదు గానీ, దాని ప్రయోగం మాత్రం నా మీదే జరిగింది. 1974లో బి.యిడి. పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. చిత్తూరు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిలో పేరు రాయించి కార్డు తెచ్చుకుని, ఆ కార్డును రాముడి పటం వెనక భద్రంగా దాచాం. మా నాయన, మేనమామలు, అందరూ నా కోసం కనుక్కుంటున్నారు. కనుక్కునేది ఎవరిని? ఒకరినొకరు. చివరికి కబురు చెప్పింది పుత్తూరు బస్సు కండక్టరు. టికెట్టు చించి ఇస్తూ, "అయివారూ, మా లైనులో ఫలానా బడిలో సైన్సు మాస్టరు లీవు మీద పోయినాడు, పిల్లోళ్లు బయట ఆడుకుంటా ఉండారు" అన్నాడు. ఆయన పేరు కూడా నాకు అప్పటికి తెలియదు. మర్నాడే ఆ బడికి పోయాను. కండక్టరుకు రోజుకు ఇరవై ఊళ్లు కనబడతాయి. మా మేనమామకు మా ఊరొక్కటే కనబడుతుంది. ప్రేమ ఎవరికి ఎక్కువని కాదు ఇక్కడి లెక్క, ఎవరు ఎక్కడ తిరుగుతారు అనేదే.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి అన్నాను కాబట్టి దాని కథ రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి ఇళ్లకు తిరిగొచ్చే జవాన్లకు పని చూపడానికి ఈ దేశంలో ఆ సేవ మొదలైంది. తర్వాత అందరికీ తెరిచారు. 1959లో ఖాళీలను తప్పనిసరిగా ఎక్స్చేంజికి తెలపాలని చట్టం చేశారు. మంచి చట్టమే. కానీ పేర్లు రాయించుకున్న వాళ్లకే కబురు పోతే, రాయించుకోని వాళ్ల గతేమిటి? ఈ ప్రశ్న మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. 1996లో కోర్టు ఏమన్నదంటే, ఎక్స్చేంజి నుంచి పేర్లు తెప్పించుకోండి, దానితో పాటు పత్రికల్లోనూ వేయండి, ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టండి, రేడియోలో టీవీలో చెప్పించండి, అట్లా వచ్చిన వాళ్లందరినీ పరిశీలించండి అని. కబురు ఒకే కాలువలో పారితే దాని పక్క పొలాలే తడుస్తాయని కోర్టువారికీ అర్థమైందన్న మాట.

సర్కారు ఉద్యోగం కబురు వాన లాంటిది. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు వేశారు. మా ఊరి డైట్‌లో చదివే పిల్లల నుంచి సముద్రం ఒడ్డు పిల్లల దాకా అందరికీ ఒకే రోజు తెలిసింది. అక్కడ కబురు కొరత లేదు, సీటు కొరత ఉంది. 3 లక్షల మందికి పైగా పోటీకి దిగారు. దానికి కావలసింది చదువు, ఓర్పు. ప్రైవేటు ఉద్యోగం కబురు ఊట నీళ్ల లాంటిది. ఎక్కడో ఒకచోట ఊరుతుంది, ఆ పక్కన ఉన్నవాడికే తడి తెలుస్తుంది. ప్రకటన వేసేలోపే మనిషి దొరికితే ఇక ప్రకటనే వేయరు. మన పిల్లలు చాలామంది వాన కోసం ఆకాశం చూస్తూ ఊటల దగ్గరికి పోవడం మానేస్తున్నారని నా ఫిర్యాదు.

"మరి తాతా, ముక్కూ మొహం తెలియని వాళ్లందరినీ లింక్డిన్‌లో చేర్చుకుంటే సరిపోతుందా?" అని పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. అమెరికాలో కొందరు పరిశోధకులు, ఉద్యోగ పరిచయాల సైటు అయిన ఆ లింక్డిన్‌తో కలిసి ఇదే తేల్చారు. దాంట్లో "వీళ్లు మీకు తెలిసిన వాళ్లేమో" అని కొన్ని మొహాలు చూపిస్తుంది చూశారా, ఆ చూపించే పద్ధతిని కొందరికి ఒకలా, కొందరికి ఒకలా మార్చారు. కొందరికి దగ్గరి వాళ్లను ఎక్కువ చూపించారు, కొందరికి దూరపు వాళ్లను. 5 ఏళ్ల పాటు, 2 కోట్ల మంది మీద. ఆ కాలంలో 200 కోట్ల కొత్త పరిచయాలు కలిశాయి, 6 లక్షల కొత్త ఉద్యోగాలు లెక్కకొచ్చాయి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. (జనాలకు చెప్పకుండా వాళ్ల మీద ప్రయోగం చేయడమేమిటని గొడవ కూడా అయింది. నా ఓటు గొడవ చేసిన వాళ్లకే.)

ఫలితం మాత్రం మా ఆవిడకు తెలిసిందే. పాలు సలసలా కాగుతున్నప్పుడు తోడు వేస్తే పెరుగులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. బాగా చల్లారిన పాలలో వేస్తే బద్ధకంగా పడుకుంటాయి. 40 డిగ్రీల దగ్గర, వేలు పెడితే ఓర్చుకోగలిగేటట్టు గోరువెచ్చగా ఉన్నప్పుడు వేస్తే, పాలలోని చక్కెరను తిని ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లానికి పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి తెల్లారేసరికి గరిటె నిలబడే పెరుగవుతుంది. పరిచయాల లెక్కా అంతే. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన మనుషులు బొత్తిగా లేకపోతే పని జరగలేదు, అందరూ ఉమ్మడి మనుషులే అయినా జరగలేదు. ఉమ్మడి మనుషులు ఓ పది మంది ఉండే పరిచయం దగ్గర ఉద్యోగం మారే అవకాశం ఎక్కువగా కనబడింది. గోరువెచ్చని పరిచయం అన్నమాట. పక్కింటి వాళ్ల సత్యవేడు చుట్టం సరిగ్గా ఆ వేడి మీదే ఉంది. పూర్తిగా కొత్త మనిషి అయితే మా పిల్ల నెంబరు ఎందుకు రాసుకుంటుంది?

తెలుగులో "తోడు" అనే మాటకు పెరుగు తోడు, మనిషి తోడు అని రెండు అర్థాలూ ఉండటం ఊరికే కాదేమో అనిపిస్తుంది నాకు.

అయితే ఆ పరిశోధనలోనే ఇంకో మెలిక ఉంది. కంప్యూటర్లతో, సాఫ్ట్‌వేరుతో ముడిపడ్డ రంగాల్లో పలచటి బంధాలు బాగా పనిచేశాయి. అంతగా కంప్యూటర్ చేరని రంగాల్లో గట్టి బంధాలదే పైచేయి. కళ్లతో చూస్తున్నదే. నగరి, పుత్తూరు మగ్గాల పనిలో, తాపీ పనిలో, లారీ డ్రైవింగులో మేస్త్రీ తన మనిషినే పిలుచుకుంటాడు. పనితనం కాగితం మీద కనబడదు గనుక, పక్కన నిలబడి చూసినవాడి మాటే సర్టిఫికెట్టు. కాబట్టి మీరు వెతికే పనిని బట్టి ఎవరి గుమ్మం తట్టాలో మారుతుంది. అందరికీ ఒకే మందు రాసిచ్చే ఉచిత సలహాలరాయుళ్లను నమ్మకండి. నన్ను కూడా.

ఇప్పుడు ఒక పాత ఉత్తరాల కథ. 1960ల్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆయన అమెరికాలో కొందరికి ఒక కవరు ఇచ్చి, బోస్టన్ దగ్గర ఉన్న ఒక షేర్ల వ్యాపారికి చేర్చమన్నాడు. నేరుగా పంపకూడదు, ఆయనకు దగ్గరగా ఉంటాడనిపించే మీ పరిచయస్తుడికి ఇవ్వాలి, వాడు ఇంకొకడికి. 1969లో అచ్చయిన లెక్క ప్రకారం మొదలుపెట్టినవాళ్లు 296 మంది. చేరినవి 64 కవర్లు. చేరినవాటికి మధ్యలో సగటున ఐదుగురు మనుషులు. ప్రపంచం ఎంత చిన్నదో చూశారా అని అందరూ ఆ ఐదుగురి గురించే చెబుతారు. నా కళ్లు మాత్రం చేరని ఆ 232 కవర్ల మీద పడ్డాయి. దారి లేక ఆగలేదవి. ఎవరో ఒకరు "చూద్దాంలే" అని బల్ల మీద పడేశారు, అంతే. మీ దగ్గరికి ఎవరో పిల్లవాడి బయోడేటా వచ్చి ఉంటుంది. అది ఫోనులోనే ఉందా, ముందుకు పోయిందా? నా ఫోనులో రెండు ఉన్నాయని మనవరాలే పట్టుకుంది. సిగ్గుపడి ఆ పూటే పంపించాను.

పంపడంలోనూ న్యాయం అన్యాయం ఉన్నాయి. కలకత్తాలో లోరీ బీమన్, జెరెమీ మగ్రూడర్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు, 2012లో అచ్చయింది. ఒక పని ఇచ్చి, ఇంకొకరిని తీసుకురండి, బహుమతి ఇస్తాం అన్నారు. ఎవరిని తెచ్చినా బహుమతి ఖాయం అన్నప్పుడు జనం చుట్టాల వైపు కాస్త ఎక్కువ మొగ్గు చూపారు. తెచ్చిన మనిషి బాగా పనిచేస్తేనే పూర్తి బహుమతి అన్నప్పుడు చుట్టాలు తగ్గి, తోటి పనివాళ్లు పెరిగారు. మన బావమరిది సంగతి మనకు తెలియదా ఏం! ఆఫ్రికాలో మలావీ దేశంలో ఇట్లాంటి ప్రయోగమే చేస్తే ఇంకో సంగతి బయటపడింది. అర్హత ఉన్న ఆడపిల్లల పేర్లు మగవాళ్ల నోటికి సరిగా రాలేదు. మన దగ్గర మగపిల్లలు టీ అంగడి దగ్గర, బస్టాండులో, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదురు సీటు మనిషితో మాట కలిపి పదిమందిని సంపాదిస్తారు. ఆడపిల్లకు ఆ అంగడి లేదు. అందుకే వాళ్ల చేతిలో ఫోను నాకు అల్లరి వస్తువుగా కనిపించదు. గడప దాటకుండానే వేరే ముగ్గుకు గీత కలిపే సాధనం అది, సరిగా వాడితే.

సరిగా వాడటం అంటే? ముందు సర్కారువి చెబుతాను. కేంద్రం 2015లో పెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ ఉంది. పాత ఎక్స్చేంజికి మనవడు అనుకోండి. పేరు నమోదుకు పైసా అక్కర్లేదు, ఫోను చేసి అడగాలంటే 1514. రాష్ట్రంలో నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు పెడుతుంది. పల్లె పిల్లలకు శిక్షణ ఇచ్చి పనిలో పెట్టే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను మన రాష్ట్రంలో సీడాప్ అనే సంస్థ చూస్తుంది. ఐటీఐ చేసిన వాళ్లకు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ ఉంది. అప్రెంటిస్‌గా ఏడాది చేస్తే వచ్చే స్టైపెండు కంటే అక్కడ దొరికే పరిచయాలే పెద్ద జీతమని నా అభిప్రాయం. జాబ్ మేళా కూడా అంతే. అక్కడ ఉద్యోగం రాకపోయినా, పక్క కుర్చీలో కూర్చున్న గంగాధర నెల్లూరు పిల్లతో నెంబర్లు మార్చుకుని వస్తే ఆ రోజు వృథా కాదు.

ప్రైవేటు వాటిలో నౌకరీ డాట్ కామ్ 1997లో పుట్టింది. దాన్ని పెట్టిన సంజీవ్ బిఖ్‌చందానీ అంతకు ముందు చేసిన ఆఫీసులో ఒక వింత గమనించాడట. ఆఫీసుకు వ్యాపార పత్రిక రాగానే ఉద్యోగులందరూ దాన్ని వెనక నుంచి తిప్పేవారు. ఉద్యోగ ప్రకటనలు వెనక పేజీల్లో ఉండేవి మరి. ఉద్యోగంలో ఉన్నవాడు కూడా ఉద్యోగాల వైపు ఓ కన్ను వేసే ఉంచుతాడన్నది ఆయనకు దొరికిన పాఠం.

ఈ పోర్టళ్లలో మీ బయోడేటాను మొదట చదివేది మనిషి కాదు, కంప్యూటరు. పాఠ్యపుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, "కిరణజన్య సంయోగక్రియ, పేజీ 42" అని. కంపెనీవాడు "ట్యాలీ", "ఇన్వెంటరీ", "పుత్తూరు" అని వెతికితే ఆ మాటలున్న బయోడేటాలే పైకి తేలుతాయి. మా పిల్ల బయోడేటాలో "కష్టపడే తత్వం, నిజాయితీ" అని పెద్దక్షరాలతో ఉంది. ఏ కంపెనీవాడూ వెతుకుడు పెట్టెలో నిజాయితీ అని కొట్టడమ్మా అని చెప్పి, వచ్చిన సాఫ్ట్‌వేర్ల పేర్లు, చేసిన ప్రాజెక్టు, టైపింగు వేగం, ఏ ఊరి దాకా వచ్చి పనిచేయగలదో రాయించాను. అన్నీ నిజాలే. రాని దాన్ని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

గోరువెచ్చని మనిషికి కబురు పంపడం ఒక విద్య. "అన్నా ఏదైనా జాబ్ ఉంటే చెప్పు" అంటే ఎదుటివాడికి పని పెట్టినట్టు, వాడు జవాబు ఇవ్వడు. వాడు ఇవ్వగలిగినది అడగాలి. మా పిల్ల ఇట్లా రాసింది: "అక్కా, నేను ఫలానా వాళ్ల పక్కింటి పాపను, మొన్న తోడుకు వచ్చినా. మీ స్టోర్సులో రోజూ ఏం పని ఉంటుందో పది నిమిషాలు చెప్తారా? ఏం నేర్చుకోని వస్తే బాగుంటుందో తెలుసుకుందామని." గంటలో ఫోను వచ్చింది. ఉద్యోగం ఇప్పించే శక్తి కొందరికే ఉంటుంది గానీ, తన పని గురించి చెప్పుకోవడం ఎవరికి చేదు?

ఇక మోసాల సంగతి. మా వీధిలోనే ఒక కుర్రాడు ఇంటర్వ్యూ ఫోనులోనే అయిపోయిందని, ల్యాప్‌టాప్ డిపాజిట్టు కట్టమన్నారని వాళ్లమ్మ కమ్మలు కుదువ పెట్టి కట్టాడు. ఆ తర్వాత ఆ నెంబరు మోగలేదు. పని ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, మన దగ్గర తీసుకోడు. రిజిస్ట్రేషను, ట్రైనింగు, యూనిఫాం, పేరేదైనా సరే, డబ్బు అడిగిన నిమిషంలో ఫోను పెట్టేయండి. పోయిన డబ్బుకు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నెంబరు 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

వెబ్‌సైటు అసలుదా నకిలీదా చూడటానికి ఒక చిన్న ఉపాయం. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన ఇంటర్నెట్ పేర్ల పద్ధతిని కూర్చాడు. అది అచ్చం మన ఉత్తరం చిరునామా లాంటిదే. ఇంటి నెంబరు ముందు, కార్వేటినగరం తర్వాత, చిత్తూరు జిల్లా, చివర ఆంధ్రప్రదేశ్. చివరి మాటే ఎవరి ఏలుబడో చెబుతుంది. వెబ్ చిరునామాలో మొదట ఉండే "https://" వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీటు దాకా ఉన్న పేరును కుడి నుంచి ఎడమకు చదవండి. చివర "డాట్ జీఓవీ డాట్ ఇన్" ఉంటే సర్కారుది, ఎందుకంటే ఆ పేరు సర్కారు సంస్థలకే ఇస్తారు. ఆ మాట మధ్యలో ఎక్కడో ఉండి, చివర ఇంకేదో ఉంటే, కవరు మీద "చిత్తూరు కలెక్టరాఫీసు ఎదురు సందు" అని రాసుకున్న దొంగ అడ్రసు లాంటిది. కలెక్టరాఫీసు పేరు ఉంది, కలెక్టరు లేడు.

కువైత్ పోవాలనే పిల్లలకు ఒక్క మాట. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. అందులో పేరు లేనివాడి చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి. లైసెన్సు ఉన్నవాడు కూడా సేవా రుసుము కింద 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. 2024లో కంబోడియాలో డేటా ఎంట్రీ పనులని మన రాష్ట్రం పిల్లలను పంపి సైబర్ మోసాలు చేయించిన ముఠా మనుషులను విశాఖ పోలీసులు పట్టుకున్నారు. తీసుకుపోయేది తెలిసినవాళ్లే కదా అని నమ్మి ఎక్కకూడదు. గోరువెచ్చని పరిచయం కబురుకు పనికొస్తుంది, కబురును నమ్మడానికి కాదు. నమ్మేముందు ఇంకో మూల నుంచి విచారించుకోవాలి.

మా ఊరు కార్వేటినగరం ఒకప్పుడు సంస్థానం. పదకవి సారంగపాణి పదాలు పుట్టిన చోటు. ఆ రోజుల్లో కవి అయినా నట్టువనారు అయినా దివాణం గుమ్మం దాకా తీసుకుపోయే మనిషి ఒకడు కావాల్సి వచ్చేది. ఇప్పుడు దివాణం లేదు, గుమ్మాలు మాత్రం వెయ్యి ఉన్నాయి, తీసుకుపోయే మనిషి ఇప్పటికీ కావాలి. సాయంత్రం పుష్కరిణి మెట్ల మీద కూర్చుంటే, పండక్కి వచ్చిన చెన్నై కొడుకులు, బెంగళూరు అల్లుళ్లు, తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి పోయి అలసి వచ్చిన ఆడపిల్లలు, అందరూ వేణుగోపాలస్వామి గుడి ముందు నుంచే పోతారు. ఒక్కొక్కరి తలలో ఒక్కొక్క ఖాళీ సంగతి ఉంటుంది. అడిగేవాడు లేక అది తలలోనే ఉండి వెళ్లిపోతుంది.

అందుకని బస్టాండు దగ్గర టీ అంగడి ఆయనను బతిమాలి, గోడకు ఒక నల్లబల్ల కొట్టించాను. పై వరుసలో "ఖాళీలు" అని రాసి ఉంది. కింద కంపెనీ, ఊరు, పని, ఎవరిని అడగాలి, ఏ తేదీన రాశారు, అంతే. పది రోజులు దాటినది నేనే చెరిపేస్తాను. మనవరాలు రోజూ దాని ఫొటో తీసి ఆరు గ్రూపుల్లోనూ పెడుతోంది. పోయిన వారం బల్ల మీద మూడు వరుసలే ఉన్నాయి. ఈ పక్కకు వచ్చినప్పుడు మీకు తెలిసిన ఖాళీ ఒకటి రాసిపోండి. సుద్దముక్కలు నా దగ్గర ఇంకా రెండు డబ్బాలున్నాయి.